రిపేరు బల్ల దగ్గర

2008 మార్చిలో విమానాశ్రయం మొదలయ్యాక శంషాబాద్ రూపే మారిపోయింది. అయినా బెంగళూరు హైవే నుంచి ఊళ్లోకి తిరిగే సందుల్లో ఓ బల్ల, ఓ సోల్డరింగ్ ఐరన్, ఓ మల్టీమీటరుతో నడిచే రిపేరు దుకాణాల అవసరం తీరలేదు.

మంచి మెకానిక్ ముందు స్క్రూడ్రైవర్ పట్టడు, ప్రశ్న అడుగుతాడు. "కరెంటు పోయి వచ్చినంక బందయిందా అన్నా, ఉత్తగనే బందయిందా?" ఆ జవాబుతోనే సగం దారి తెలుస్తుంది. కరెంటు తిరిగొచ్చేటప్పుడు వోల్టేజి 230 కంటే చాలా పైకి ఎగిస్తే, టీవీలో ముందుగా దెబ్బ తినేది తరచూ పవర్ సప్లై బోర్డే. తల ఉబ్బిన కెపాసిటర్ కంటికే కనబడుతుంది. మార్చడంలోనే ఉంది పనితనం: మైక్రోఫారాడ్లు అవే ఉండాలి, వోల్టేజి రేటింగు తగ్గకూడదు, ప్లస్ మైనస్‌లు తారుమారు కాకూడదు. అంతకంటే ముందు అందులో మిగిలిన చార్జిని ఖాళీ చేయాలి. ప్లగ్ పీకేసినా పెద్ద కెపాసిటర్ షాక్ కొడుతుంది.

కంప్యూటర్ బీప్‌మని మొరాయిస్తే ర్యామ్ తీసి, దాని అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్లీ బిగిస్తాడు. తేదీ పదేపదే వెనక్కి పోతే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ మారుస్తాడు. విడిభాగాలకు కోఠి గుజరాతీ గల్లీ, కంప్యూటర్ సామానుకు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉండనే ఉన్నాయి.

బోర్డు మొత్తం మార్చేయడం సులువు. ఒక్కో అనుమానాన్నీ కొట్టేస్తూ చెడిన ఒక్క భాగాన్ని పట్టుకునే ఓపికంటే నాకు ఎంతో గౌరవం. ఏది బాగుచేయకూడదో తెలియడం ఇంకా గొప్ప విద్య. హార్డ్ డిస్క్ టకటకమంటే వెంటనే ఆపేస్తాడు. "మళ్ల మళ్ల ఆన్ చేయకు అన్నా, ముందుగాల ఫోటోలు బయటికి తీద్దాం."