గెలుపు కోరని జూదరి

జూదమును గూర్చిన వాఙ్మయము మన దేశమున మిక్కిలి ప్రాచీనము. ఋగ్వేదము 10వ మండలమందలి 34వ సూక్తము జూదరి ఆత్మకథయే. సభాపర్వమున ధర్మజుడు ఓడినకొలదిని పణము పెంచుచు పోవును. దోస్తోయెవ్‌స్కీ 1866లో, ప్రకాశకుని గడువు తరుముకొని రాగా, 26 దినములలో చెప్పి వ్రాయించిన ‘జూదరి’ నవల రూలెట్ బల్ల చుట్టును తిరుగును. కాలదేశములు వేఱైనను ఈ జూదరులందఱును గెలువగోరుదురు. అమెరికా మానవశాస్త్రవేత్త నతాషా డౌ షుల్ 2012లో ప్రకటించిన ‘అడిక్షన్ బై డిజైన్’ గ్రంథము పరిచయము చేయు జూదరికి ఆ కోరికయే లేదు.

లాస్ వేగస్‌లో 15 ఏండ్లు సాగిన పరిశోధనకు ఫలమైన ఈ గ్రంథమందు ప్రధానపాత్ర, స్లాట్ మెషీన్ ముందు ఒంటరిగా కూర్చుండు మనుష్యుడు. అతడు ‘జోన్’ అని పిలుచుకొను ఒక స్థితి కలదు. అందు కాలము తెలియదు, దేహము తెలియదు, చేతనున్న ధనము ధనముగా తోపదు. ఆడుట ఆ స్థితిలో నిలుచుటకే. పెద్ద మొత్తము తగిలినప్పుడు ఆట ఆగును గనుక, గెలుపు సైతము కొందఱికి విఘ్నముగా తోచునట. యోగి కోరు చిత్తవృత్తినిరోధమునకు ఇది వికృతానుకరణమని భారతీయ పాఠకునికి అనిపించినచో ఆశ్చర్యము లేదు. కాని ఆ పోలికను సాగదీయరాదు. యోగి ఎదుట పద్దు వ్రాసికొను కంపెనీ లేదు.

గ్రంథమున మిక్కిలి బలమైన భాగము యంత్రనిర్మాణమును గూర్చినది. 1890లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే చేసిన యంత్రమున మూడు చక్రములు. వానిపై బొమ్మలెన్నియో అవకాశములు నన్నియే. 1984లో ఇంగే టెల్నెస్ పేటెంటు పొందిన పద్ధతి ఈ నిజాయితీని తుడిచివేసినది. ఫలితమును చిప్పు ఎన్నుకొనును; చక్రము దానిని కంటికి చూపును, అంతే. పైకి 22 స్థానములున్న చక్రమునకు లోపల 64 స్థానములుండవచ్చును. వానిలో ఎక్కువ పాలు పెద్ద బహుమతి బొమ్మకు ఇరుప్రక్కల నున్న ఖాళీలకు కేటాయించినచో, ఆ బొమ్మ గీతకు కొంచెము పైననో క్రిందనో మాటిమాటికి నిలుచును. ఆడువాడు ఓడితినని తలపడు, అందబోయి జారినదని తలచును. ల్యూక్ క్లార్క్, అతని సహచరులు 2009లో ప్రకటించిన పరిశోధన ప్రకారము ఇట్టి ఓటమి, గెలుపునకు స్పందించు మెదడు భాగములనే కొంత కదలించి, ఇంకను ఆడవలెనను కోరికను పెంచును. ఇక పెక్కు వరుసల వీడియో యంత్రములలో 100 ఒడ్డి 30 తిరిగి పొందినవానికిని దీపములు వెలుగును, సంగీతము మ్రోగును.

అమెరికా మనోవైద్యులు జూదవ్యసనమును 1980లో రోగముల పట్టికలో చేర్చిరి. 2013లో మాదకద్రవ్య వ్యసనముల సరసన నుంచిరి. రోగము మనుష్యునియందే యున్నదన్నచో యంత్రము నిర్దోషి యగును. ఈ వాదము వ్యాపారులకెంత అనుకూలమో షుల్ నిపుణముగా చూపినది. వ్యసనము మనుష్యునియందు గాని యంత్రమునందు గాని విడిగా లేదు, రెంటి పొత్తున పుట్టుచున్నదని ఆమె సిద్ధాంతము.

సాహిత్యమునకు చిక్కు ఇచ్చటనే వచ్చును. దోస్తోయెవ్‌స్కీ నాయకుడు రేపటితో అంతయు మాఱునని తలచును. కావుననే అతనికి కథ కలదు. రేపు లేనివానిని నవలాకారుడెట్లు చిత్రించును? మోలీ అను మాఱుపేరుగల స్త్రీ చేత షుల్ దీనికొక సమాధానము చెప్పించినది. ఆమె తన దినచర్యను పటముగా గీయును. పనిచేయు హోటలు, ఆడు దుకాణము, సరకుల అంగడి, మందులిచ్చు వైద్యశాల, వ్యసనపరుల సమావేశము, వీనినన్నిటిని కలుపు బాట వలయమై తిరుగును; నడుమ యంత్రము నెదుట ఆమె. చికిత్సకును ఆటకును పోవు బాట ఒక్కటియే యగుట గమనింపదగినది.

గ్రంథమున పునరుక్తి కలదు. ‘జోన్’ అను మాట కొన్ని ప్రకరణములలో విసుగు పుట్టించును. అంతకంటె పెద్ద కొఱత ఇంటివారి గొంతు. ఋక్సూక్తమున అత్త ద్వేషించును, భార్య దూరమగును, తల్లిదండ్రులును అన్నదమ్ములును ఇతనిని ఎఱుగమందురు. షుల్ పుటలలో జూదరియు యంత్రకారుడును ధారాళముగా మాటాడుదురు. ఇంటివారు వారి మాటలలో నీడలవలె వచ్చి పోవుదురు.