నర్సమ్మ చేతి పని

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ దక్కి ఇల్లు చేరితే, అలియాబాద్‌లో ఏ కుటుంబమైనా ముందు మొక్కు తీర్చుకుంటుంది. కొందరు కీసరగుట్ట ఎక్కుతారు. కొందరు రాజీవ్ రహదారి పట్టుకుని కొమురవెల్లి మల్లన్న దగ్గరికి పోతారు. మిఠాయి డబ్బా పెద్ద డాక్టరుగారికి ముడుతుంది. రాత్రంతా బిడ్డ పక్కన నిలబడ్డ నర్సమ్మకు డిశ్చార్జి రోజున డ్యూటీ ఉండకపోవచ్చు. ఆమె పేరేమిటో అడిగి తెలుసుకున్నవాళ్లు తక్కువ. ఆమె ఏం చేసిందో తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. ఆ చేసిందేమిటో ఒకసారి దగ్గరగా చూద్దాం.

2020లో మన దేశంలో దాదాపు 30 లక్షల మంది పిల్లలు 37 వారాలు నిండకముందే పుట్టారు. ప్రపంచంలో అలా పుట్టిన ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా మన బిడ్డే. శామీర్‌పేట, మేడ్చల్ వైపు ఊళ్లవాళ్లకు ఇలాంటి కష్టమొస్తే మొదట గుర్తొచ్చే సర్కారు దవాఖానా నిలోఫర్. తన దగ్గర పనిచేసే మనిషి కాన్పులో చనిపోతే తట్టుకోలేక, నిజాం కోడలు నిలోఫర్ పట్టుబట్టి సాధించిన ఆసుపత్రి అది. 1953 నుంచి తల్లీబిడ్డలను చూస్తోంది.

కిలో బరువున్న బిడ్డ ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి 80 నుంచి 90 మిల్లీలీటర్లు. టీ గ్లాసెడు కూడా కాదు. పరీక్షకు తీసే ఒక్కో మిల్లీలీటరుకూ లెక్క ఉంటుంది. ఆ చేతిలో నరం దారప్పోగంత కనిపిస్తే గొప్ప. చర్మం ఎంత పలచన అంటే, ప్లాస్టర్ తొందరపడి లాగితే పైపొర దానితోపాటే ఊడొస్తుంది. అందుకే నర్సమ్మ ప్లాస్టర్‌ను తడిపి, కొస నుంచి కొంచెం కొంచెంగా విప్పుతుంది. సూది ఎక్కించిన చోట వాపు వచ్చిందేమోనని గంట గంటకూ చూస్తుంది. ఒంటి వేడి సంగతి తెలియడానికి మానిటర్ ఉన్నా చేయి తిప్పి మునివేళ్ల వెనకతో ముందు పొట్ట, తర్వాత పాదం తాకుతుంది. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే, బిడ్డ వేడి నిలుపుకోవడానికి అవస్థపడుతోందని అర్థం. థర్మామీటర్‌లో అంకె పడిపోయే లోపలే ఆ చేతికి తెలిసిపోతుంది.

అన్నిటికంటే నాకు గొప్పగా తోచేది ముక్కు దగ్గరి పని. ఊపిరితిత్తులు ముదరని బిడ్డకు సీప్యాప్ పెడతారు. రెండు చిన్న గొట్టాలు ముక్కులో ఉంటాయి; గాలి ఒత్తిడికి ఊపిరితిత్తుల గదులు ముడుచుకుపోకుండా నిలబడతాయి. గొట్టం వదులైతే ఒత్తిడి పోతుంది. బిగిస్తే ముక్కు మధ్యగోడ ఒరుసుకుపోయి పుండు పడుతుంది. ఈ రెంటికీ నడుమ ఉన్న ఒకటి రెండు మిల్లీమీటర్ల సందును రాత్రింబవళ్లు కాపాడాలి. టోపీ సర్దాలి, బిడ్డను పక్కకు తిప్పినప్పుడు గొట్టాలను మళ్లీ చూసుకోవాలి, నీళ్ల సీసాలో బుడగల చప్పుడు ఆగిందేమో వింటూ ఉండాలి. రోజుల తరబడి సీప్యాప్ మీద ఉండి ఇంటికొచ్చిన బిడ్డ ముక్కు మీద మచ్చ లేదంటే, దాని వెనక ఎన్ని షిఫ్టుల చేతులున్నాయో ఊహించుకోండి. మంచి పనికి గుర్తు ఏమీ మిగలకపోవడం అక్కడ చూస్తాం.

పాల సంగతీ అంతే. మొదట్లో రెండు గంటలకోసారి ఒకటి రెండు మిల్లీలీటర్లు. పాల గొట్టం ఎంత లోపలికి పోవాలో బిడ్డ ముఖం నుంచి పొట్ట వరకు కొలిచి గుర్తు పెట్టుకుంటారు. సిరంజి పిస్టన్ తీసేసి, పాలను నెట్టకుండా ఎత్తుగా పట్టుకుంటే వాటంతటవే దిగుతాయి. తర్వాత ఉగ్గుగిన్నె. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఈ మూడూ కుదిరేది గర్భం లెక్కన దాదాపు 34 వారాలప్పుడు; అప్పుడే తల్లి రొమ్ము. పిండిన ముర్రుపాలు పది చుక్కలే వచ్చినా “అమ్మా, ఇవే మందు” అని నర్సమ్మ తల్లికి చెప్పడం కూడా ఈ పనిలో భాగమేనంటాను. పాలు పడటానికి ఆ మాట కూడా కావాలి.

లోపలికి వచ్చే తల్లి గాజులు, ఉంగరాలు తీసి మోచేతుల దాకా కడుక్కోవాలి. పచ్చి బాలింతను గాజులు తియ్యమంటే బయట కూర్చున్న అత్తకు, అమ్మమ్మకు మనసొప్పదు. గాజుల సందున క్రిమి దాగుతుందని ఓపిగ్గా నచ్చజెప్పి, తీసిన గాజులు కొంగున కట్టుకోమనే నర్సమ్మ ఇన్‌ఫెక్షన్‌ను గుమ్మంలోనే ఆపేసింది. ఆ కడిగిన చేతుల్లోకే బిడ్డ వస్తుంది. ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియాలోని బొగోటాలో ఎడ్గార్ రే అనే డాక్టరు బిడ్డను తల్లి రొమ్ముల మధ్య కట్టే పద్ధతి మొదలుపెట్టాడు. పుట్టగానే అలా కడితే మరణాలు నాలుగో వంతు తగ్గాయని 2021లో వెలువడిన అధ్యయనం తేల్చింది. మన దేశం కూడా అందులో పాలుపంచుకుంది. గొట్టాలు, తీగలు కదలకుండా కిలో బిడ్డను తల్లి గుండెల మీదికి దించడం చూస్తే, ఆ ఒడుపు పుస్తకం చదివితే రాదని తెలుస్తుంది. తండ్రి కూడా కట్టుకోవచ్చు. కట్టుకోవాలి.

ఇంకో పని ఎవరి కంటా పడదు. ఆక్సిజన్ తగ్గితే ప్రాణానికి ముప్పు, ఎక్కువైతే కంటి రెటీనాకు ముప్పు. సాచురేషన్ 90, 95 మధ్య నిలిచేలా నర్సమ్మ మీట తిప్పుతూనే ఉంటుంది. మానిటర్‌లో 100 కనిపిస్తే మనం సంబరపడతాం. ఆమె వెంటనే ఆక్సిజన్ తగ్గిస్తుంది. ఎంత జాగ్రత్త పడ్డా కొందరు పిల్లల్లో రెటీనా రక్తనాళాలు దారి తప్పుతాయి. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు 1990ల చివర్లోనే జంటనగరాల నవజాత శిశు వార్డులకు వెళ్లి ఇలాంటి పిల్లలకు రెటీనా పరీక్ష మొదలుపెట్టారు. వేళకు పట్టుకుంటే లేజర్‌తో చూపు నిలుస్తుంది.

కాబట్టి నర్సమ్మకు మిఠాయి ఇవ్వండి, పేరు అడగండి, ఏం చేసిందో చెప్పి మరీ దండం పెట్టండి. ఆమె కాపాడిన చూపును కాపాడుకునే పని మాత్రం ఇంటివాళ్లది. 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోల లోపు బరువున్నా బిడ్డకు 30 రోజులు నిండకముందే రెటీనా పరీక్ష చేయించాలి. మరీ చిన్న పిల్లలకు ఇంకా ముందే. తొట్టెల వేడుక వారం ఆగినా ఫరవాలేదు, ఆ తేదీ మాత్రం దాటనివ్వకండి.