చెరపడానికి వీలుగా వేసే నంబరు

మ్యూజియాలజీని డిగ్రీలో మైనర్‌గా చదివేవాళ్ల మేజర్ చరిత్రే అయివుండాలని లేదు. కెమిస్ట్రీ, బోటనీ చదివేవాళ్లకూ ఇక్కడ బోలెడు పని ఉంది. మన దేశంలో బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయం 1952లోనే ఇందుకోసం ఒక శాఖను తెరిచింది. ప్రదర్శన, దీపాల అమరిక, కేటలాగ్ రాయడం లాంటి పాఠాలెన్నో ఉంటాయి. కానీ ఈ వృత్తి పనితనమంతా ఒక్కచోట చూడాలంటే, వస్తువు మీద నంబరు ఎలా వేస్తారో చూడాలి.

2024.7.3 అనుకుందాం. 2024లో మ్యూజియంకు చేరిన ఏడో సేకరణలో ఇది మూడో వస్తువు. మూత ఉన్న కుండైతే కుండకు ‘ఎ’, మూతకు ‘బి’ చేరుస్తారు. వస్తువు ఏ ఊరిది, ఎవరిచ్చారు, వచ్చిననాటికే పగులు ఎక్కడుంది అనే వివరాలన్నీ రిజిస్టర్లో ఆ నంబరుకు ఎదురుగా ఉంటాయి. నంబరు చెరిగిపోతే, ఆ కుండ తవ్వకంలో ఏ పొరలో దొరికిందో చెప్పే ఆధారం పోయినట్టే. అందుకని అది ఏళ్లతరబడి నిలవాలి. తీసేయాల్సివస్తే మాత్రం మచ్చ మిగలకుండా రావాలి. ఈ రెంటికీ పొత్తు కుదిర్చిన తీరు చూస్తే ముచ్చటేస్తుంది.

ముందు చోటు ఎంచుకోవాలి. కుండ అడుగున రాస్తే రాపిడికి పోతుంది. బొమ్మలున్న చోట రాయకూడదు, విరిగిన అంచు మీద అసలే కూడదు. అడుగుకు కాస్త పైన, పక్కభాగంలో, సందర్శకుడి కంట పడకుండా, వెతికేవాడికి దొరికేలా ఉండాలి. అక్కడ సన్న కుంచెతో పారలాయిడ్ బి-72 అనే యాక్రిలిక్ రెజిన్‌ను అసిటోన్‌లో కరిగించి చిన్న పట్టీలా పూస్తారు. మరీ పలచగా ఉంటే మట్టి పీల్చేసుకుంటుంది. పూత ఆరాక దాని మీద నంబరు రాస్తారు, లేత రంగు కుండైతే నల్ల ఇంకుతో, ముదురు రంగుదైతే తెల్ల రంగుతో. ఇంకు పూత మీదే ఆగిపోతుంది, మట్టిలోకి దిగదు.

అసలు తెలివి పైపూతలో ఉంది. మళ్లీ అసిటోన్ పూతే వేస్తే కింది పొర కరిగి అంకెలు అలుక్కుపోతాయి. అందుకే పైన బి-67 అనే మరో రెజిన్ వేస్తారు. అది వైట్ స్పిరిట్‌లో కరుగుతుంది, ఆ వైట్ స్పిరిట్ బి-72ను కరిగించదు. రెండు రెజిన్ల మధ్య ఇంకు పదిలంగా ఉంటుంది. మన ఎండలకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. బి-72 సుమారు 40 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, బి-67 మరో పది డిగ్రీలు ఓర్చుకుంటుంది. మే నెలలో ఏసీ లేని స్టోర్ రూములో మెత్తబడ్డ పూతకు దుమ్ము అంటుకుంటుంది, చుట్టిన కాగితం అతుక్కుంటుంది.

అన్నిటికీ ఇదే పద్ధతి కాదు. తెల్లపొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మకు అసిటోన్ తగిలితే పైరంగే కరిగిపోవచ్చు. దానికి నూలు దారంతో చీటీ కట్టడమే మేలు. కలంకారీ వస్త్రానికైతే, ముందే ఉతికి ఆరబెట్టిన రంగులేని నూలు పట్టీ మీద నంబరు రాసి, ఒక మూల నాలుగైదు వదులు కుట్లతో కుడతారు. సూది పోగుల మధ్య సందులోంచి పోవాలి, పోగును చీల్చకూడదు. కాగితమైతే వెనకవైపు మెత్తటి పెన్సిల్ చాలు, అదీ నొక్కకుండా.

ఈ పని నేర్చుకోవడానికి పెంకుముక్కను మించింది లేదు. నంబరు వేశాక పని సగమే అయినట్టు. పూర్తిగా ఆరనిచ్చి, దూదిపుల్లను అసిటోన్‌లో ముంచి, రుద్దకుండా దొర్లిస్తూ దాన్ని తీసేయాలి. ఆ చోటును భూతద్దంలో చూసినప్పుడు పెంకు రంధ్రాల్లో నలుపు కనబడితే, కింది పూత చాలలేదని లెక్క. ఇంకో పెంకు తీసుకుని మళ్లీ మొదలుపెట్టాలి.