నవలాపఠనమునందుఁ గిశోరాధికారము

గ్రంథాలయమునకు వచ్చు పదుమూఁడు మొదలు పదునెనిమిదేండ్లవఱకుఁ గల బాలబాలికల కే నవలలను సూచింపవలె నను ప్రశ్న చిన్నదిగాఁ గనఁబడును. దీనిని నిర్ణయింపఁ బూనినవారు సామాన్యముగా మూఁడుమార్గములలో నేదో యొకదానిని బట్టుదురు. వయస్సును బట్టి యేర్పఱుచుట మొదటిది. నీతిని బట్టి యేర్పఱుచుట రెండవది. భాషాకాఠిన్యమును బట్టి యేర్పఱుచుట మూఁడవది. ఈమూఁడును వేఱువేఱుగా నసమగ్రములనియు, మనశాస్త్రకారు లెఱిఁగిన యధికారివివేకమే యీపనికిఁ దగిన కొలబద్ద యనియు నిరూపించుట యీవ్యాసమున కుద్దేశము.

పశ్చిమదేశములం దీవయస్సువారికిఁ బ్రత్యేకముగా నొకసాహిత్యశాఖ యేర్పడినది. అమెరికా గ్రంథాలయసంఘము 1957లోఁ గిశోరపాఠకుల సేవకై యొకవిభాగమును నెలకొల్పినది. ఎస్. ఇ. హింటన్ తాను పాఠశాలలోఁ జదువుచున్నప్పుడే వ్రాయ నారంభించిన ‘ది ఔట్‌సైడర్స్’ 1967లో వెలువడి యాశాఖకు మార్గదర్శక మైనది. మనకో, బాలసాహిత్యము కలదు, ప్రౌఢసాహిత్యము కలదు; నడిమిభాగమునకుఁ బేరే స్థిరపడలేదు. కేంద్ర సాహిత్య అకాడెమీ 2010 నుండి బాలసాహిత్యపురస్కారమును, 2011 నుండి యువపురస్కారమును నిచ్చుచున్నది. ఈరెండుసమాసములను విగ్రహించి చూడుఁడు. మొదటిదానియందు బాలశబ్దము చదువువారిని జెప్పును. రెండవదానియందు యువశబ్దము ముప్పదియైదేండ్లకు మించని రచయితను జెప్పును. జతగాఁ గనఁబడు నీరెండుపదములనడుమఁ గిశోరపాఠకుఁ డెక్కడను లేఁడు.

శాస్త్రమునందు బాలశబ్దమునకు వయస్సు ముఖ్యార్థము కాదు. అన్నంభట్టు తర్కసంగ్రహమును బాలురకు సుఖముగా బోధపడుటకై రచించితి నని చెప్పుకొనెను. ఆబాలుఁ డెవఁ డను శంకకు వ్యాఖ్యాతలు, వ్యాకరణ కావ్య కోశములను జదివి న్యాయశాస్త్రము మాత్రము చదువనివాఁ డని సమాధానము చెప్పిరి. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణమును జదివి చెమటోడ్చిన మనపండితులకు బాలశబ్దము వయోవాచకము కాదని వేఱుగాఁ జెప్పఁ బనిలేదు.

విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి యను ననుబంధచతుష్టయమును జెప్పక మనవారు శాస్త్రగ్రంథము నారంభింపరు. గ్రంథము దేనిని గుఱించినది, దానివలనఁ గలుగు ఫల మేమి, గ్రంథమునకును విషయమునకును గల సంబంధ మెట్టిది, దానిని జదువఁ దగినవాఁ డెవఁడు అను నాలుగు ప్రశ్నలకు సమాధానము చెప్పఁగలిగినవాఁడే యొకనవలను మఱియొకనికి సూచింపఁ దగును. మనకుఁ దఱచుగాఁ గనఁబడు పట్టికలయందుఁ బేరు, కర్త, వెల యుండును, అధికారిప్రసక్తి యుండదు.

అధికారము వయస్సుచేఁ గాక చదువుచే నిర్ణయింపఁబడునేని, చదువునఁ జుఱుకైన పదునాలుగేండ్లవానికి ‘వేయిపడగలు’ నీయవచ్చునా యని శంక పొడముచున్నది. అధికారము రెండంశములు గలది: వ్యుత్పత్తి యొకటి, అనుభవ మొకటి. వ్యుత్పత్తి పరిశ్రమచే శీఘ్రముగాఁ గలుగును. అనుభవము కాలముచేతనే కలుగును. విశ్వనాథ సత్యనారాయణగారు కరీంనగరకళాశాల కధ్యక్షులుగా నుండినవారు. ఈమండలమువారే యగు పి. వి. నరసింహారావుగారు వేయిపడగలను ‘సహస్రఫణ్’ అను పేర హిందీలోనికిఁ దెచ్చినవారు. కావున మనప్రాంతపాఠకుల కానవలయం దభిమానము సహజము. కాని యభిమానము వేఱు, అధికారము వేఱు. ఆనవలలోని వాక్యములను జుఱుకైన బాలుఁడు గ్రహింపవచ్చును; ఒకవ్యవస్థ కన్నులయెదుటఁ గూలుచుండఁగాఁ జూచువాని వేదనను గ్రహించుటకుఁ దానును గొంత కోలుపోయి యుండవలెను. ఇందువలన వయస్సు అధికారమునకు లింగము మాత్రమే యగుచున్నది, కారణము కాదు. పొగను జూచి నిప్పు నూహింపవచ్చును. పొగయే నిప్పు కాదు.

మనపాఠశాలలలో రఘువంశముతో మొదలిడి నైషధముతో ముగించు కావ్యపాఠక్రమ మీవివేకముపైననే నిలిచినది. కుమారసంభవమునం దష్టమసర్గమును బాలురకుఁ జెప్పక దాఁటించు నాచారమును గలదు. అంతమాత్రమునఁ గుమారసంభవమునే బీరువాలోఁ బెట్టి తాళము వేసినవారు లేరు. మెదకుసీమలోని కొలిచెలమునకుఁ జెందిన మల్లినాథసూరి యీకావ్యములకు వ్యాఖ్యలు రచించి యన్వయముఖమున దారి చూపెను. నవలను సూచించువాని పనియు నదియే. ద్వారమున నిలిచి యడ్డగించుట కాదు.

నాయకుఁడు కిశోరుఁ డైనచో నవల కిశోరులకుఁ దగు ననుట మఱియొక భ్రమ. దండి రచించిన దశకుమారచరితమునందు నాయకు లందఱును గుమారులే. ఐనను జూదము, చౌర్యము, జారత్వము నిండిన యాకథలను గుమారులకుఁ దొలిపుస్తకముగా నెవఁడు నీయఁడు. దీనికి విపరీతోదాహరణము డాక్టర్ కేశవరెడ్డిగారి ‘అతడు అడవిని జయించాడు’. చిత్తూరుమండలమునఁ బుట్టి, నిజామాబాదుమండలమందలి డిచ్‌పల్లిలోఁ గుష్ఠరోగులకు వైద్యము చేసి, 2015లో దివంగతు లైన యీరచయిత యానవలలో నాయకునకుఁ బేరైనఁ బెట్టలేదు. అతఁడు పందులను గాచుకొను ముసలివాఁడు; తప్పిపోయిన పందిని వెదకుచు నడవిఁ జొచ్చును. ప్రేమకథ లేదు, ఉపదేశము లేదు. చీఁకటి, భయము, పట్టుదల, ప్రకృతియెదుట మనుష్యుని శక్తికిఁ గల హద్దు, ఇవియే విషయములు. వీనిలోఁ బదునాలుగేండ్లవాఁ డెఱుఁగని దేదియు లేదు. గ్రంథము చిన్నది, కథ యొక్కత్రోవనే నడచును. అందుచే నాయకుఁడు ముదుసలి యైనను నధికారి కిశోరుఁడు కాఁగలఁడు.

నీతిపక్షమును విచారింతము. మమ్మటుఁ డుపదేశమును బ్రభుసమ్మితము, సుహృత్సమ్మితము, కాంతాసమ్మితము నని మూఁడువిధములుగా విభజించెను. నీతి యున్న దను కారణముచేతనే నవలను సూచించువారు కాంతాసమ్మితమును బ్రభుసమ్మితముగా మార్చుచున్నారు. వీరేశలింగముగారు వచనప్రబంధ మని పేర్కొని 1878లో వివేకవర్ధనియందుఁ బ్రకటింప నారంభించిన రాజశేఖరచరిత్రమును, ‘ఇది మూఢవిశ్వాసములను ఖండించును, చదువుము’ అని చేతి కిచ్చినచో బాలుఁడు రెండుపుటలు తిరుగవేసి మూయును. బంగారము చేసి యిత్తు నని నమ్మించి గృహస్థుని సొమ్ము హరించు మోసగాని ఘట్టమును ముందుగా నోటఁ జెప్పి యిచ్చినచోఁ జదువును. చరవాణిలో వచ్చిన సందేశమును నమ్మి సొమ్ము పోఁగొట్టుకొన్నవారి వార్తలను దినదినము వినుచున్న బాలుఁ డాకథను దనకాలపుకథగా నెఱుఁగును. నీతి యప్పుడు చెప్పకయే చెప్పఁబడును.

భాషాకాఠిన్యముమాట. సులభభాష సమీపభాష యగు నను నియమము లేదు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టరు పార్వతీశం’ వ్యావహారికమున నున్నది. మొగలితుఱ్ఱునుండి సీమకుఁ బయలుదేఱిన యువకుని యమాయకత్వమే యందలి హాస్యమునకు మూలము. ఇల్లు విడిచి పెద్దపట్టణపుఁ గళాశాలకుఁ బోఁబోవు పదునేడేండ్లవారి కంతకంటెఁ దగిన నవల యరుదు. ఐనను అందలి గోదావరితీరపు సంసారభాష మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతముల బాలునకుఁ గొన్నిచోట్ల గ్రాంథికమంత దూరముగాఁ దోఁచును. 1938లో దేశోద్ధారకగ్రంథమాలను స్థాపించి, పుస్తకములను మోసికొని యూరూరఁ దిరిగి చదువరులను సంపాదించిన వట్టికోట ఆళ్వారుస్వామిగారి ‘ప్రజల మనిషి’యం దాబాలుఁడు తనతాతలమాటను వినును, వెట్టి యనఁగా నేమియో నిఘంటువును జూడకయే తెలిసికొనును. వ్యాకరణము చదివినవాఁడు మాండలికమును దోషముగాఁ జూచునని లోకులు తలంతురు. పాణిని ప్రాచ్యుల ప్రయోగములను, ఉదీచ్యుల ప్రయోగములను బేర్కొని వ్యవస్థ చేసెనే కాని త్రోసివేయలేదు.

దేశసామీప్యము మాత్రమే చాలునా యన్న, దానికిని జాగ్రత్త వలయును. సాహు, అల్లం రాజయ్యగార్లు కలిసి రచించిన ‘కొమురం భీం’ 1983లో వెలువడినది. 1940లో ఆదిలాబాదు మండలమున జోడేఘాటునందు నిజాముసైనికుల తుపాకులకు బలి యైన గోండువీరుని చరిత్ర యది. ఆయుదంతముతరువాత గోండుల స్థితిగతుల నెఱుఁగుటకై ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని నియోగించిన దని సూచించువాఁడు చెప్పినచో, నవల చదివిన బాలికకుఁ జరిత్రగ్రంథము నడుగ బుద్ధి పుట్టును. ఇట్టినవలకుఁ బక్షము కలదు. పక్షము గల నవల నీయరా దనుట కాదు. పక్షము గల దని చెప్పి యీయవలెను. అడివి బాపిరాజుగారి ‘గోన గన్నారెడ్డి’కిని నీన్యాయమే చెల్లును. అందలి గుఱ్ఱపుదౌడులకుఁ గిశోరహృదయము పరవశించును. కాకతీయచరిత్ర యెంత, కవికల్పన యెంత యని యొకమాట ముందు చెప్పిన రసభంగము కాదు. చెప్పకున్న కల్పనయే చరిత్రయై మనస్సున నిలుచును.

ఈవిచారము శుష్కచర్చ కాదు. తెలంగాణమునఁ బాఠశాలలందుఁ దెలుఁగును దప్పక నేర్పవలె నని 2018లో శాసన మైనది. ఆనిర్బంధము పదవతరగతితో ముగియును. ఇంటర్మీడియేటులోఁ బెక్కండ్రు రెండవభాషగా సంస్కృతమును గైకొనుచున్నారు. సంస్కృతవ్యాకరణమే జీవనముగాఁ గల నావంటివాఁడు దీనికి సంతోషింపవలసినదే. కాని వారు గోరునది కాళిదాసును గాదు, మార్కులను. సంస్కృతము రాదు, తెలుఁగు పోవును. 2016లో నేర్పడిన జగిత్యాలమండలమున మామెట్‌పల్లివంటి యూళ్లలోఁ బదునేనేండ్ల బాలికకుఁ బదవతరగతి వాచకమే తెలుఁగునఁ గడపటి పుస్తకము కావచ్చును. పిమ్మట నామె గ్రంథాలయమునకు వచ్చినను నుద్యోగపరీక్షల పుస్తకములకే వచ్చును. ఆనడిమి రెండుమూఁడేండ్లలోఁ దగిన నవల యొకటి చేతికందినచో నామె యావజ్జీవము చదువరి యగును. తగని దందినచో నవల లన్నియు నింతే యని తలఁచును. ఒక్కతప్పుసూచన పది మంచినవలలకు ద్వారము మూయఁగలదు.

మనపూర్వు లీసంగతి నెఱుఁగుదురు. హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము 1901లోను, విజ్ఞానచంద్రికామండలి 1906లోను వెలసినవి. రెంటియందును గొమఱ్ఱాజు లక్ష్మణరావుగారిచేయి కలదు. పుస్తకముల నుంచు చేయియుఁ బుస్తకములఁ బుట్టించు చేయియు నొకటిగా నుండుటచేతఁ జదువరి యెవఁడో యెఱిఁగి మండలివారు నవలలకుఁ బోటీలు పెట్టి ప్రచురించిరి. నేఁ డారెండుచేతులు వేఱైనవి. ఎస్. ఆర్. రంగనాథన్‌గారు 1931లోఁ బ్రకటించిన గ్రంథాలయశాస్త్రసూత్ర మైదింటిలో రెండు, పాఠకునకుఁ దగిన పుస్తకమును బుస్తకమునకుఁ దగిన పాఠకునిఁ గూర్చుటను విధించుచున్నవి. ఆకూర్పు మనయందే కొఱవడినది.

దానికి ధనము మిక్కిలి యక్కఱలేదు. ప్రతినవలయట్టకు లోపల నొకచీటి యంటింపవచ్చును. విషయము రెండుపంక్తులు, ప్రయోజన మొకపంక్తి, నీతివాక్యముగాఁ గాక రసముగా, చరిత్రతోను లోకముతోను గల సంబంధ మొకపంక్తి, ఎట్టివానికిఁ దగును, ఏవిషయమున ముందుమాట యక్కఱ యనునది రెండుపంక్తులు. ఏనాఁడును నొక్కపుస్తకము నీయక రెండిచ్చి యెన్నుకొనుమన వలెను. నచ్చనిదానిని సగమున విడుచుటకు ననుజ్ఞ యీయవలెను. తాను జదువని నవలను సూచింపరాదు. ఇది యన్నింటికంటె ముఖ్యము. కథాసంగ్రహమును బట్టి సూచించుట సూత్రమును జూడక వృత్తిని వల్లించుటవంటిది. విజ్ఞులు, ఉపాధ్యాయపండితులు నీపద్ధతిలోని గుణదోషములను విచారించి, తమతమ యూళ్ల గ్రంథాలయములందుఁ బదినవలల కైనను నట్టి చీటులు వ్రాసి, యేవి చదువఁబడెనో, యేవి తిరిగి వచ్చెనో గమనించి, ఫలమును బ్రకటింతురుగాక.