మోకాలికి గోడకుర్చీ

తెనాలి స్టేషన్లో కాలివంతెన మెట్లు ఎక్కుతున్నంతసేపూ మోకాలు కిక్కురుమనలేదు. దిగేటప్పుడు మూడో మెట్టు మీద కలుక్కుమంది. కమ్మీ పట్టుకుని ఓ పక్కకు జరిగి నిలబడ్డాను. నెత్తిన బుట్టతో దిగుతున్న ఒకావిడ ఆగి, "బెణికిందా అన్నయ్యా?" అని అడిగింది. బెణకలేదు. ముందురోజు పొద్దున కాలవ కట్ట మీద 18 కిలోమీటర్లు పరిగెత్తాను. అంతకు ముందు వారం పరిగెత్తింది 12. నలభై నాలుగో ఏట మొదటి మారథాన్‌కి పేరిచ్చినవాడి తొందర అది.

ఇలాంటి మోకాలికి మా వైపు మూడు సలహాలు ఉచితంగా దొరుకుతాయి. ఈ వయసులో పరుగేంది, మానెయ్ అనేది మొదటిది. ఒక సూది వేయించుకుంటే పోద్ది అనేది రెండోది. ఆముదం రాసి కాపడం పెట్టమనేది మూడోది. నాకు నాలుగోది కూడా దొరికింది. మేం నడిచే మైదానానికి రోజూ వచ్చే ఒక పెద్దాయన, ఎనభై దాటినవాడు, కుర్రతనంలో తాలింఖానాలో, అంటే పాతకాలపు వ్యాయామశాలలో, దండీలూ బస్కీలూ తీసినవాడు, నా మోకాలి చిప్ప చుట్టూ రెండు బొటనవేళ్లతో నొక్కి చూసి, "గోడకుర్చీ వెయ్యరా అబ్బాయ్" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. "ఎక్కాలు రాక ఐదో తరగతిలో వేశాను గదా బాబాయ్."

"అప్పుడు పంతులు కోసం వేశావు. ఇప్పుడు మోకాలి కోసం వెయ్యి."

తర్వాత వారం గుంటూరులో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి వెళితే చేతిలో ఒక కాగితం పెట్టింది. అందులో మొదటి బొమ్మ, గోడకు వీపు ఆనించి కుర్చీ లేకుండా కూర్చున్న మనిషి. రెండోది కుర్చీ ముందు నిలబడి సగం వంగి లేచే మనిషి. మూడోది ఒంటికాలి మీద నిలబడ్డ మనిషి. గోడకుర్చీ, గుంజీళ్లు, తొక్కుడుబిళ్ల. బళ్లో శిక్షలుగా రెండు, వాకిట్లో ఆటగా ఒకటి, మూడూ చిన్నప్పుడే వచ్చినవి. ఫీజు మాత్రం కొత్తది.

ముందు నొప్పి సంగతి. మోకాలి చిప్ప తొడ ఎముక చివర ఉన్న గాడిలో కిందికీ పైకీ జారుతూ ఉంటుంది. మోకాలు వంగేకొద్దీ చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. పరుగులో పడే ఒక్కో అడుక్కి అక్కడ మన బరువుకు నాలుగైదు రెట్ల భారం పడుతుంది. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు, మామూలు మనిషికి సుమారు 40 వేల అడుగులు. ఈ భారాన్ని పంచుకోవలసింది తొడ ముందు కండా, పిర్ర పక్క కండా. రోజంతా కుర్చీలో కూర్చునేవాడికి ఆ రెండూ నిద్రపోతుంటాయి. అవి లేవకముందే మనం కిలోమీటర్లు పెంచేస్తే మోకాలు లోపలికి వాలుతుంది, చిప్ప చుట్టూ సలుపు మొదలవుతుంది. మెట్లు దిగేటప్పుడు, సినిమా హాల్లో మూడు గంటలు కూర్చుని లేచేటప్పుడు ఎక్కువగా తెలుస్తుంది. పరుగు పెట్టేవాళ్లు దీన్ని రన్నర్స్ నీ అంటారు. మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో ఎక్కువ. మోకాలికి బయటివైపు, ప్రతిసారీ దాదాపు అదే దూరానికి పోటు మొదలైతే అది వేరే సంగతి. తుంటి నుంచి మోకాలి పక్క దాకా దిగే పట్టీ ఒరుసుకోవడం దానికి కారణం. దానిక్కూడా పిర్ర పక్క కండ పనిచేయడం అవసరమే.

"పరిగెడితే మోకాళ్లు అరిగిపోతాయి" అనే భయం గురించి ఒక లెక్క చెప్పాలి. పాత పరిశోధనలను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2017లో వచ్చింది. తుంటి, మోకాళ్ల అరుగుదల సరదాకి పరిగెత్తేవాళ్లలో 3.5 శాతం మందికి, అసలు పరిగెత్తనివాళ్లలో 10.2 శాతం మందికి, పోటీల కోసం పరిగెత్తేవాళ్లలో 13.3 శాతం మందికి కనిపించింది. పరుగే కాపాడిందని ఈ అంకెలు రుజువు చేయవు. మోకాళ్లు బాగున్నవాళ్లే పరుగు కొనసాగిస్తారు గదా. కానీ మానెయ్యమని చెప్పేవాళ్లకు మాత్రం ఇందులో బలం దొరకదు.

ఇక గోడకుర్చీ. వీపు గోడకు ఆనాలి. పాదాలు గోడకు అడుగున్నర ముందుకు. బళ్లోలాగా తొడలు నేలకు సమానమయ్యేదాకా దిగక్కర్లేదు, నొప్పి పెరగని ఎత్తులో ఆగాలి. 45 సెకన్లు, మధ్యలో ఒకటి రెండు నిమిషాల విరామం, అలా ఐదుసార్లు. తొడ వణుకుతుంది, ముప్పై సెకన్లు దాటాక ఐదో తరగతి పంతులు కళ్లముందు కనపడతాడు. ఇందులో కిటుకు ఏమిటంటే కండ పనిచేస్తుంది, కీలు మాత్రం కదలదు. చిప్ప గాడిలో జారి ఒరుసుకోవడం లేకుండానే తొడకు బలం వస్తుంది. నొప్పిగా ఉన్న రోజుల్లో కూడా ఇది చేయవచ్చు.

సలుపు కాస్త తగ్గాక బస్కీలు, అంటే కాగితంలోని గుంజీళ్లే. తాలింఖానా బస్కీ పెద్దాయన ఒకటి తీసి చూపించాడు. చేతులు వెనక్కి ఊపి, మడమలు లేపి, మునివేళ్ల మీద పూర్తిగా కూర్చుని, అదే ఊపులో లేచాడు. ఎనభై ఏళ్ల మోకాళ్లు చప్పుడు చేశాయి గానీ తడబడలేదు. "నువ్వు ఇట్టా తియ్యమాక. కుర్చీ అంత ఎత్తు దాకా దిగు. దిగేటప్పుడు మూడు లెక్కపెట్టు, లేచేటప్పుడు ఒకటి" అన్నాడు. మునివేళ్ల మీద పూర్తిగా కూర్చున్నప్పుడు మోకాలు వేళ్లను దాటి ముందుకు పోతుంది, చిప్ప మీద భారం అప్పుడే ఎక్కువ. బాగున్న మోకాలికి అది సత్తువ, సలిపే మోకాలికి శత్రువు. మడమలు నేలకు ఆనించి, సగం దాకా, నిదానంగా దిగితే నొప్పి లేకుండా కండ పెరుగుతుంది. మెట్లు దిగే పని కూడా అదే గదా, బరువును ఆపుకుంటూ కిందికి దించడం. చెవులు పట్టుకుని గుంజీళ్లు తీస్తే తెలివి పెరుగుతుందని ఈ మధ్య ఒక ప్రచారం నడుస్తోంది. తెలివి మాటేమోగానీ తొడలు పెరుగుతాయి, నాకు అది చాలు.

మూడోది తొక్కుడుబిళ్ల. పరుగంటే ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి గెంతడమే, రెండు కాళ్లూ ఒకేసారి నేల మీద ఉండే క్షణం ఉండదు. ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు నడుము పక్కకు ఒరగకుండా, మోకాలు లోపలికి పడకుండా పట్టుకునేది పిర్ర పక్క కండ. సుద్దముక్కతో గీసిన గడుల్లో గీత తొక్కకుండా గెంతి, ఒంటికాలి మీదే వంగి బిళ్ల తీసిన ఆడపిల్లలు ఆ కండకు తెలియకుండానే చదువు చెప్పారు. తాలింఖానాల్లోకి ఆడవాళ్లను రానివ్వలేదు. వాళ్ల వ్యాయామశాల వాకిలే.

ఈ విద్యకు మన దగ్గర లోతైన వేళ్లున్నాయి. పశ్చిమ చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాసిన మానసోల్లాసంలో మల్లుల సాధన మీద ఒక భాగం ఉంది. బరువులెత్తడం భారశ్రమ, తిరగడం భ్రమణశ్రమ, ఈత సలిలశ్రమ, స్తంభం ఎక్కడం స్తంభశ్రమ అని అందులో విడివిడిగా పేర్లు పెట్టారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడి గురించి మనం గొలుసులు తెంపడం, గుండెల మీద ఏనుగునెక్కించుకోవడం చెప్పుకుంటాం. ఆయన సైదాపేటలో వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ తీసుకున్నాడని, విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పాడని తక్కువగా చెప్పుకుంటాం. నాకు ఆ రెండో రామ్మూర్తే ఎక్కువ పనికొచ్చాడు. ఏనుగు కథలో ఏనుగే కనపడుతుంది, దాని వెనక రోజూ చేసిన చిన్న చిన్న పనులు కనపడవు.

ఆయుర్వేద గ్రంథాలు ఇంకో మాట చెప్పాయి. వ్యాయామం ఉన్న బలంలో సగం వరకే చేయాలి. నోటితో ఊపిరి తీయాల్సి వస్తే, నుదుటిన చెమట పడితే సగం అయినట్టు. హద్దు దాటి శ్రమించేవాడి గతి ఏనుగును ఈడ్చబోయిన సింహం గతేనని వాగ్భటుడు హెచ్చరించాడు. మారథాన్ శిక్షకులు ఇవాళ చెప్పేదీ దీనికి దగ్గరే. వారంలో ఎక్కువ పరుగు పక్కవాడితో మాట్లాడుతూ పోగలిగిన వేగంలోనే సాగాలి. నేను ఆరు నెలలు ప్రతి పరుగునీ పోటీలాగే పరిగెత్తాను. పక్కన ఎవరూ లేరు, పోటీ నాతోనే.

తాలింఖానా సంప్రదాయంలో నాకు నచ్చనిది ఆ లెక్కల గొప్ప. ఫలానా వస్తాదు వెయ్యి బస్కీలు తీసేవాడని చెప్పుకోవడం బాగుంటుంది, చూసి తీయబోయినవాడి మోకాళ్లే బాగుండవు. బరువులు మోస్తూ రోజంతా గొంతుక్కూర్చుని చేసే పనులు మోకాళ్లను అరగదీస్తాయని తెలిసిన విషయమే. నాకిప్పుడు పది చొప్పున మూడు విడతలు, వారానికి మూడు రోజులు. అంతే.

కాపడం సంగతీ చెప్పాలి, లేకపోతే మా అమ్మ ఒప్పుకోదు. వావిలాకు నీళ్లలో మరిగించి, గుడ్డ ముంచి పిండి వేస్తుంది. హాయిగా ఉంటుంది, ఆ రాత్రి నిద్ర పడుతుంది. కండ వదులవుతుంది కాబట్టి ఆ హాయి అబద్ధం కాదు, కానీ తెల్లారి 18 కిలోమీటర్లకు అది చాలదు. మోకాలు ఉబ్బి వేడిగా ఉంటే మాత్రం వేడి కాపడం వద్దు. ఎముక విరిగినవాళ్లు వెళ్లే పుత్తూరు కట్టుకు ఈ నొప్పితో పని లేదు.

ఇక దారుల సంగతి. మాది బల్లపరుపు నేల, ఎత్తుపల్లాలుండవు, మోకాలికి మంచిదే అనుకున్నాను. రోడ్డు మాత్రం బల్లపరుపు కాదు. నీళ్లు పారడానికి నడిమి నుంచి అంచుకు వాలుగా వేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో మొక్కజొన్న గింజలు రోడ్డు మీద ఆరబోసినప్పుడు మనం ఇంకా అంచుకు జరుగుతాం. గంటన్నర సేపు ఒక కాలు పల్లంలో, ఒక కాలు మెరకలో. నా కుడి మోకాలి నొప్పికి ఇదొక కారణం. వెళ్లేటప్పుడు ఒక వైపు, వచ్చేటప్పుడు అదే వాలు ఇంకో కాలికి వచ్చేట్టు పరిగెత్తడం మొదలుపెట్టాను. కాలవ కట్ట మట్టి దారి మెత్తన, కానీ గుంటలు చూసుకోవాలి. బాపట్ల వెళ్లినప్పుడు సూర్యలంక ఇసుకలో పరిగెత్తి చూశాను. పొడి ఇసుకలో మడమ దిగబడి పిక్క పట్టేసింది, తడి ఇసుక సముద్రం వైపు వాలి ఉంది. అక్కడ నడక మంచిది. మా బల్లపరుపు నేల మీద సాధన చేసి హైదరాబాద్ ఫ్లైఓవర్ల మీద ఆగస్టు మారథాన్‌కి వెళ్లేవాళ్లు ఎక్కడానికే భయపడతారు. మోకాలిని తినేది దిగుడు. అడుగులు చిన్నవి చేసి, నిమిషానికి పడే అడుగుల సంఖ్య ఐదు నుంచి పది శాతం పెంచితే మోకాలి మీద భారం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. దిగుడులో ఇది మరీ అవసరం.

దూరం పెంచడానికి నాకు రైలు దారి పనికొచ్చింది. తెనాలి నుంచి రేపల్లె సుమారు 34 కిలోమీటర్లు. మొదటి మారథాన్‌కి ముందు చేసే అన్నిటికన్నా పెద్ద పరుగు 30, 32 ఉంటుంది, అంటే రేపల్లె ఊళ్లోకి అడుగుపెట్టక ముందే ఆగిపోవచ్చు. మొదట వేమూరు, కొన్ని వారాలకు భట్టిప్రోలు, చివరికి రేపల్లె పొలిమేర. రోడ్డు మీద పరుగు, రైల్లో తిరుగు ప్రయాణం. బాపట్ల రైలు దారి చుండూరు, నిడుబ్రోలు మీదుగా సుమారు 42 కిలోమీటర్లు, దాదాపు మారథానంత. 5 వేల మందికి పైగా పరిగెత్తేవాళ్లను గమనించి 2025లో వెలువరించిన పరిశోధన ప్రకారం గడిచిన నెల రోజుల్లో పరిగెత్తిన అతి పెద్ద దూరం కన్నా ఒక్క రోజులో పది శాతం మించి పెంచినవాళ్లకు దెబ్బలు ఎక్కువ. పన్నెండు నుంచి పద్దెనిమిదికి దూకడమంటే యాభై శాతం. మోకాలి తప్పేమీ లేదు.

నొప్పిని పదికి కొలుచుకోమంటారు. మూడు లోపు ఉండి, మర్నాటి పొద్దుటికి మామూలైతే పరుగు సాగించవచ్చు. మూడు దాటితే ఆ రోజుకి నడక. మోకాలు ఉబ్బినా, తాళం పడ్డట్టు బిగుసుకుపోయినా, నడుస్తుంటే ఉన్నట్టుండి జారిపోయినా, రాత్రి పడుకున్నప్పుడు కూడా ఎముక మీద ఒకేచోట పోటు పెట్టినా గోడకుర్చీ ఆపి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. నొప్పి మాత్రో సూదో వేసుకుని పొడవు పరుగుకు దిగకండి. చెమటతో ఒళ్లు ఎండిపోయినప్పుడు ఆ మందులు కిడ్నీలకు చేటు చేస్తాయి. పైగా నొప్పి చెప్పే మాట వినపడదు.

మొన్న ఆదివారం నాలుగున్నరకు బయల్దేరి భట్టిప్రోలు దాకా పరిగెత్తాను. అరటిపండు తిని, రైలెక్కి, తెనాలిలో దిగి అదే కాలివంతెన మీదికి వెళ్లాను. దిగేటప్పుడు కమ్మీ పట్టుకోలేదు. నొప్పి ఉంది, పదికి రెండు. సోమవారం పరుగు లేదు, గోడకుర్చీ ఐదుసార్లు.