ఇప్పపువ్వు నుంచి చుక్క దాకా

తక్కువ ధరలో మంచి రెడ్ వైన్ ఏదని మిత్రులు అడిగినప్పుడల్లా నాకు జగదల్‌పూర్ ఆదివారం సంత గుర్తొస్తుంది. అక్కడ అడ్డాకు దొప్పలో పోసిచ్చేది ద్రాక్షది కాదు, ఇప్పసారా. చూస్తే నీళ్లలా ఉంటుంది. ముక్కు దగ్గరికి తెస్తే ఎండుపువ్వు వాసన, వెనకే కాస్త పొగ. ఇంత చవకలో ఇంత తేటదనం ఎలా వచ్చిందో చూద్దామని శివారు పల్లెలో ఒక అక్క పెరట్లో ఒక పూటంతా కూర్చున్నాను. మిరప కోతలకు ఖమ్మం వైపు వచ్చి వెళ్లిన మనిషి, తెలుగు తెలుసు. ఇంటి వాడకానికి కొద్దిగా కాచుకునే వీలు ఇక్కడి ఆదివాసీలకు చట్టంలోనే ఉంది.

ముందు పువ్వు సంగతి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు తెల్లవారుజామున టపటపా రాలతాయి. రాలేది పువ్వంతా కాదు. తియ్యటి కండగల రేకుల గిన్నె, లోపలి గోడకు అంటుకున్న కేసరాలతో సహా ఊడిపడుతుంది. కాయ కావాల్సిన భాగం కొమ్మ మీదే ఉండిపోతుంది. అందుకే రాలిన పువ్వు ఎంత ఏరినా కాయ తగ్గదు. తర్వాత ఆ గింజల నుంచి నూనె కూడా తీస్తారు. చెట్టు ఇలా రెండు పంటల్ని విడదీసి ఇవ్వడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

ఏరిన పువ్వు ఎండలో నీరంతా వదిలి, ఎండుద్రాక్షలా ముడుచుకుని ఇటుక రంగుకు తిరుగుతుంది. తీపి అందులోనే చిక్కబడుతుంది కాబట్టి ఏడాదంతా నిలవ ఉంటుంది. దాన్ని కుండలో నీళ్లు పోసి నాలుగైదు రోజులు నానబెడతారు. ఆమె బెల్లం వేయలేదు, ఈస్టూ వేయలేదు. ద్రాక్ష తొక్క మీద ఉన్నట్టే ఈ పువ్వు మీదా పులియబెట్టే సూక్ష్మజీవులు ముందే ఉంటాయి. ఊట బుడబుడమంటున్నన్నాళ్లూ పొయ్యెక్కించరు. ఆమె కుండకు చెవి ఆనించి విని, "పడుకుంది" అంది.

ఇక బట్టీ. కింద పెద్ద కుండ, అందులో ఊట. పైన మూడో వంతు ఖాళీ. దాని మూతి మీద చిన్న కుండ బోర్లించి, కలిసిన చోట గుడ్డ పీలిక చుట్టి బంకమన్ను మెత్తారు. చిన్న కుండ పక్కన చేసిన రంధ్రంలోంచి, కణుపులు తొలిచిన వెదురు గొట్టం కిందికి వాలి, నీళ్ల తొట్టిలో కూర్చున్న మరో కుండలోకి దిగుతుంది. ఆ వాలు లేకపోతే గొట్టంలో చల్లారిన చుక్కలు వెనక్కే పోతాయి.

బోర్లించిన కుండను మొదట నేను వట్టి మూత అనుకున్నాను. అసలు పనితనం అక్కడే ఉంది. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీళ్లు 100 దగ్గర. రెండూ కలిసే ఆవిరై లేస్తాయి. పై కుండ గోడ కాస్త చల్లగా ఉండటంతో ఆ ఆవిరిలో నీటి పాలు ఎక్కువగా అక్కడే చెమటలా పట్టి, తిరిగి ఊటలోకి జారుతుంది. గొట్టం దాకా వెళ్లేది అంతకంతా చిక్కనిది. పెద్ద కర్మాగారాల్లో రాగి గోపురాలు చేసే పని ఇక్కడ ఒక మట్టికుండ చేస్తోంది.

మధ్య భారతంలో కొన్నిచోట్ల గొట్టమే ఉండదు. పైన చన్నీళ్ల గిన్నె పెడితే, దాని అడుగున పట్టిన చుక్కలు లోపలున్న చిన్న పాత్రలో పడతాయి.

మంట విషయంలో మాత్రం ఆమె చేయి ఒక్క క్షణం ఊరుకోలేదు. ఎగదోస్తే ఊట పొంగి గొట్టంలోకి ఎక్కుతుంది, అడుగు మాడితే ఆ వాసన చివరిదాకా వదలదు. తగ్గిస్తే ధార తెగిపోతుంది. పుల్ల ఒకటి లోపలికి, ఒకటి బయటికి. మధ్యమధ్య తొట్టిలో వేలు ముంచి, వెచ్చబడిన నీళ్లు తోడి చన్నీళ్లు పోసింది. మట్టి అతుకులో వెంట్రుకంత పగులు కనబడగానే తడి వేలితో మూసేసింది. అక్కడ ఆవిరి పోతే పోయేది సారాయే.

మొదట దిగేది ఘాటు, పోనుపోను పలచన. ఎక్కడ ఆపాలన్నదే లెక్క. ఆమె నాలుగు చుక్కలు నిప్పుల మీద చిలకరించింది. నీలిమంట భగ్గుమంది. కాసేపాగి మళ్లీ చిలకరిస్తే చుయ్యిమని మాత్రమే అంది. కుండ పక్కకు తీసేసింది.

తర్వాత దొప్పలో కొంచెం పోసి, ముందు నేల మీద పెద్దల పేరిట కొన్ని చుక్కలు వదిలింది. మిగిలింది నా చేతికిచ్చి, "మెల్లగా తాగు తమ్ముడూ" అని, ఉడికిన పువ్వు తట్టలోకి ఒంపుకుని పశువుల కొట్టం వైపు నడిచింది.