రెండు పాటలు కలిసే చోట

వినాయక నిమజ్జనం రోజున హైదరాబాద్ పంజాగుట్ట చౌరస్తాలో నిలబడితే, అమీర్‌పేట వైపు నుంచి వచ్చిన ఒక బండి తీన్మార్ ఇంకా దూరమవకముందే వెనక బండి దరువు మీద పడుతుంది. కాసేపు రెండూ తోసుకుంటాయి. ఎప్పుడో ఒకసారి, ఎవరి ప్రమేయమూ లేకుండా, రెండూ ఒకే నడకలో పడతాయి. అప్పుడు చూడాలి జనం అడుగులు! ఆ అరుదైన కలయికను గంటకు పైగా తెగకుండా నిలబెట్టిన ఆల్బమ్ ఒకటుంది. లండన్‌లోని ఫ్యాబ్రిక్ క్లబ్ 2007లో తెచ్చిన ‘ఫ్యాబ్రిక్ 36’ అది. కూర్చినవాడు డీజే రికార్డో విల్లాలోబోస్.

ఆ ఆల్బమ్‌కు మూలమైన హౌస్ సంగీతం 1980లలో షికాగో నల్లజాతి యువకుల క్లబ్బుల్లో రూపు కట్టింది. మన తీన్మార్‌కు ఊపిరిపోసిన మర్ఫా దరువుకూ ఆఫ్రికన్, అరబ్ మూలాలున్నాయి. నిజాం కాలపు ఆఫ్రికన్ అశ్వికదళం పేరు మోస్తున్న ఏసీ గార్డ్స్ ప్రాంతం పంజాగుట్టకు కాస్త దూరంలోనే ఉంది. ఇంతకు మించి చుట్టరికం కలపను. కానీ ఈ ఊరి కాళ్లకు ఆ దరువు కొత్తేమీ కాదు.

డీజే చేసే పని పైకి చిన్నది. నిమిషానికి 120 నుంచి 130 దరువుల మధ్య నడిచే రెండు పాటల వేగాన్ని సరిగ్గా జత చేస్తాడు. ఒకదాని బేస్ మెల్లగా తగ్గించి, ఆ ఖాళీలోకి రెండోదాని బేస్‌ను రానిస్తాడు. పల్లవి కోసం ఎదురుచూసే చెవికి మొదట్లో ఏమీ జరగనట్టే ఉంటుంది. రాగమాలిక విన్నవాళ్లకు త్వరగా పట్టుబడుతుంది: తాళం తెగదు, కల్యాణి పోయి మోహన వస్తుంది. కాకపోతే ఇక్కడ ఆ మలుపే నిమిషాల తరబడి సాగుతుంది. పాత పాట పూర్తిగా పోదు, కొత్తది పూర్తిగా రాదు. ఆ మధ్యలో వినబడేది రెండు పాటల్లో దేనిలోనూ లేని మూడో పాట. నాకు ఈ కళలోని రసమంతా అక్కడే ఉంది.

మామూలుగా ఇలాంటి ఆల్బమ్‌లో డీజే ఇతరుల పాటల్ని ఏరి కూరుస్తాడు. విల్లాలోబోస్ మాత్రం ఆసాంతం తన పాటలే వాడాడు. అందుకే ఏ పాటా నిండుగా ఉండదు. పక్కపాటకు చోటు వదిలే పుడుతుంది. 1970లో చిలీలో పుట్టి, 1973 సైనిక కుట్ర తర్వాత కుటుంబంతో జర్మనీ చేరినవాడు. యంత్రపు దరువు చుట్టూ చేతి వాద్యాల తడి చప్పుడు అల్లడం అతనికి ఊపిరంత సహజం.

‘ఆండ్రూయిక్ అండ్ జపాన్’ దగ్గరికొచ్చేసరికి జపాన్ తైకో డోళ్లు దిగుతాయి. పది నిమిషాలు దాటినా అవి విరుచుకుపడవు. పెరుగుతాయనిపించి తగ్గుతాయి, తగ్గాయనుకునేలోపు మళ్లీ మొదలవుతాయి. ఒళ్లు ఎదురుచూసే పేలుడును అంతసేపు ఆపి ఉంచగల ధైర్యం ఎంతమందికి ఉంటుంది? ఆ నిగ్రహం ముందు నేను ప్రతిసారీ తలవంచుతాను.

ఫోన్లో వినేవాళ్లు షఫుల్ తప్పక ఆపాలి. పాటకూ పాటకూ మధ్య చిన్న నిశ్శబ్దం వచ్చినా అతను కుట్టిన చోటే తెగుతుంది. చిన్న ఇయర్‌ఫోన్లకు ఈ బేస్ అందదు. మంచి స్పీకర్ దొరికితే మొదటి పాట నుంచి మొదలుపెట్టి, మధ్యలో వేలు పెట్టకుండా చివరిదాకా మోగనివ్వండి.